ఓమ్నీ 1997: మిక్స్చర్ స్క్రూ బిగించినా పొల్యూషన్ పరీక్షలో సీఓ తగ్గడం లేదు

తెనాలి ఓమ్నీ:
మాది 1997 కార్బొరేటర్ ఓమ్నీ. నాన్నగారు కొన్న బండి, అమ్మబుద్ధి కాదు. పొల్యూషన్ సర్టిఫికెట్‌కు వెళితే పొగలో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 5.8 శాతం, హెచ్‌సీ (మండని పెట్రోలు ఆవిరి) 1100 పీపీఎం వచ్చాయి. అప్పటి బండికి సీఓ 3 శాతం, హెచ్‌సీ 1500 పీపీఎం దాటకూడదు. మూడు ప్లగ్గులూ కాటుక పట్టినట్టున్నాయి, మైలేజీ తొమ్మిదికి పడిపోయింది. రెండు నెలల కిందటే కార్బొరేటర్ విప్పించి కొత్త కిట్ వేయించాను. మళ్లీ అదే మెకానిక్ దగ్గరికి వెళితే, ఐడ్లింగ్‌లో (బండి ఆగి ఇంజను తిరుగుతున్నప్పుడు) పెట్రోలు పాలు సరిచేసే మిక్స్చర్ స్క్రూ బిగించి పంపాడు. సీఓ 5.1కి దిగింది, అంతే. ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఆగితే బండి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది.

వరంగల్ షెడ్డు:
ముందు చోక్ (చల్లటి ఇంజను స్టార్టయ్యేందుకు గాలి తగ్గించే రేకు) చూడండి. కేబులు తుప్పు పడితే నాబ్ లోపలికి నెట్టినా లోపలి రేకు సగం మూసుకునే ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ కూడా చూడండి.

తెనాలి ఓమ్నీ:
చూశానండి. రేకు నిటారుగా తెరుచుకుంటోంది. ఫిల్టర్ కొత్తది.

విజయనగరం వ్యాను:
ఇదంతా ఇథనాల్ పెట్రోలు మహిమ. నా బండి కూడా పరీక్షలో పోయింది.

రిటైర్డ్ ఫిట్టరు:
ఇథనాల్ మీద నాకూ కోపమే కానీ, తెనాలి వారి బండి విషయంలో నేరం దానిది కాదు. అందులో ఆక్సిజన్ ఉంటుంది కనుక కార్బొరేటర్ బండిలో మిశ్రమం పలచబడుతుంది, సీఓ తగ్గుతుంది. పాత రబ్బరు డయాఫ్రమ్‌లను పాడుచేయడం మాత్రం దాని పనే.

తెనాలి వారూ, స్క్రూ తిప్పినా అంకె పెద్దగా కదల్లేదంటే అదనపు పెట్రోలు వేరే దారిన వస్తోంది. ముందు సీటు ఎత్తి, కార్బొరేటర్ మీది గాలి మూత తీసి, ఇంజను ఐడ్లింగ్‌లో ఉండగా కాస్త దూరం నుంచి గొంతులోకి టార్చి వేయండి. ఐడ్లింగ్‌లో, గొంతులోకి పెట్రోలు చిమ్మే మెయిన్ నాజిల్ పొడిగా ఉండాలి. బొట్లు పడుతుంటే కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె పొంగుతున్నట్టే. స్క్రూ ఎంత బిగించినా లాభం లేదు, మీ బండి వణుకు ఆ బిగింపు వల్లే.

తెనాలి ఓమ్నీ:
సరిగ్గా అదే! నాజిల్ కొస నుంచి రెండు మూడు సెకన్లకో బొట్టు. ఈ రోజు వేరే షెడ్డులో విప్పించాను. గిన్నెలోకి పెట్రోలు వచ్చే దారిని మూసే నీడిల్ వాల్వు సీటు దగ్గర వాషరే లేదు. కిట్ వేసినప్పుడు పాతది తీశారు, కొత్తది పెట్టడం మరిచారు. సీటు చుట్టూ పెట్రోలు కారుతోంది, ఫ్లోట్ మట్టం కూడా పెరిగింది. రూపాయో రెండు రూపాయలో చేసే రాగి వాషర్! అది వేసి, స్క్రూ మళ్లీ వదులు చేసి, ఇంజను బాగా వేడెక్కాక పరీక్ష చేయిస్తే సీఓ 1.6, హెచ్‌సీ 420.

వరంగల్ షెడ్డు:
శుభం. ఆయిల్ కర్ర తీసి వాసన చూడండి. ఇన్నాళ్లు పొంగిన పెట్రోలు ఆయిల్లో కలిసి ఉంటుంది. వాసన వస్తే వెంటనే మార్చేయండి.

విజయనగరం వ్యాను:
మరి నా సంగతి? సీఓ 0.4, హెచ్‌సీ 2100.

రిటైర్డ్ ఫిట్టరు:
మీది తిరగేసిన కేసు. సీఓ తక్కువై హెచ్‌సీ పెరిగిందంటే పెట్రోలు మండకుండానే బయటికి పోతోంది. ప్లగ్గులు, వాటికి కరెంటు సమయానికి అందించే పాయింట్లు బాగుంటే ఎక్కడో దొంగగాలి లోపలికి వెళ్తోంది. కార్బొరేటర్ కింది గ్యాస్కెట్ అంచు వెంట సిరంజితో నీటి చుక్కలు వేయండి. పగులు ఉన్నచోట నీటిని పీల్చుకుంటుంది, ఇంజను చప్పుడు మారుతుంది. కొందరు క్లీనర్ స్ప్రే కొడతారు. సీటు కింద కాగుతున్న ఇంజను మీద ఆ పని చేయకండి.

విజయనగరం వ్యాను:
సిరంజి తెచ్చానండి. గ్యాస్కెట్ దగ్గర ఏమీ లేదు. బ్రేకు తొక్కడం తేలిక చేసే బూస్టరుకు వెళ్లే రబ్బరు పైపు మొదట్లో చుక్క వేయగానే బండి దగ్గి ఆగిపోయింది.

రిటైర్డ్ ఫిట్టరు:
పైపు మార్చే దాకా బండి తీయకండి. అది బ్రేకు పైపు.