డిపాజిట్ లేని క్రెడిట్ కార్డు: స్కోరు తక్కువున్నవాళ్లు తీసుకోవచ్చా?

నిద్రపట్టనివాడు:
నేనుండేది అమెరికాలో. ఉద్యోగం పోయిన ఏడాది రెండు కార్డుల బిల్లులు వరుసగా కట్టలేకపోయాను. బాకీలన్నీ తీర్చేశాను, క్రెడిట్ స్కోరు మాత్రం 560 దగ్గరే ఉంది. డిపాజిట్ కట్టి సెక్యూర్డ్ కార్డు తీసుకోమని కొందరంటున్నారు. మరోపక్క "డిపాజిట్ అక్కర్లేదు" అంటూ అన్‌సెక్యూర్డ్ కార్డుల ఆఫర్లు తెగ వస్తున్నాయి. చేతిలో డబ్బు అంతంత మాత్రమే, అందుకే వాటివైపే మనసు లాగుతోంది. ఎవరైనా వాడారా?

లెక్కలపిచ్చి:
నేను వాడాను. ఆఫర్‌లో పెద్ద అక్షరాలు వదిలేసి, ఫీజుల పట్టిక చూడండి. అమెరికాలో దాన్నే షూమర్ బాక్స్ అంటారు. డిపాజిట్ అడగనివాళ్లు ఆ రిస్కుకు ఫీజుల రూపంలో రాబట్టుకుంటారు. లిమిట్ 300 డాలర్లు, వార్షిక ఫీజు 75 అనుకోండి. ఆ ఫీజు మొదటి బిల్లులోనే పడుతుంది. అంటే మీరు ఏమీ కొనకముందే లిమిట్‌లో పావు వంతు వాడేసినట్టు మీ క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తుంది. ఇక్కడ ఎక్కువగా చూసే క్రెడిట్ స్కోరు ఫైకో (FICO)లో సుమారు 30 శాతం బాకీల మీదే ఆధారపడుతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

2009లో వచ్చిన క్రెడిట్ కార్డుల చట్టం (కార్డ్ యాక్ట్) వల్ల మొదటి ఏడాది ఫీజులు లిమిట్‌లో 25 శాతం దాటకూడదు. అయితే ఖాతా తెరవకముందు గుంజే ప్రాసెసింగ్ ఫీజు ఈ లెక్కలోకి రాదు! రెండో ఏడాది నుంచి ఆ పరిమితే ఉండదు. సెక్యూర్డ్ కార్డు డిపాజిట్ అయితే, బాకీ లేకుండా ఖాతా మూసినప్పుడు తిరిగొస్తుంది. ఫీజు పోయిందంటే పోయినట్టే.

అకౌంట్స్_అక్క:
అన్‌సెక్యూర్డ్ కార్డులన్నీ అలాగే ఉండవు తమ్ముడూ. వార్షిక ఫీజు లేనివీ ఉన్నాయి. కార్డు వచ్చే అవకాశం ఉందో లేదో ముందు ప్రీ-క్వాలిఫికేషన్‌లో చూసుకో, అది పైపైన చూసే సాఫ్ట్ చెక్ కాబట్టి స్కోరు తగ్గదు. అసలు దరఖాస్తు పెడితే మాత్రం హార్డ్ ఎంక్వైరీ (స్కోరు కాస్త తగ్గించగల పూర్తి తనిఖీ) పడి రెండేళ్లు రిపోర్టులో ఉంటుంది. అందుకే కనబడ్డవాటన్నిటికీ అప్లై చేయకు. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ బ్యూరోలకూ రిపోర్ట్ చేస్తారో లేదో కూడా అడుగు. చేయకపోతే ఆ కార్డు దేనికి?

నిద్రపట్టనివాడు:
ఇప్పుడే పట్టిక తెరిచాను. నాకు వచ్చిన ఆఫర్‌లో రెండో ఏడాది నుంచి నెలనెలా మెయింటెనెన్స్ ఫీజు అని ఉంది. అది వార్షిక ఫీజు కాకుండా అదనమట!

లెక్కలపిచ్చి:
అయితే దాన్ని వదిలేయండి. అక్క చెప్పినట్టు ఫీజు లేనిది దొరికితే సరే, లేదంటే చిన్న డిపాజిట్‌తో సెక్యూర్డ్. ఏది తీసుకున్నా ఆటోపే పెట్టుకోండి. స్టేట్‌మెంట్ తేదీకి ముందే చాలావరకు కట్టేయండి, బ్యూరోలకు సాధారణంగా ఆ రోజు బ్యాలెన్సే వెళ్తుంది.