డిజైన్ ఫైలులోని కొలతలను డెవలపర్లకు కచ్చితమైన స్పెక్‌గా రాసివ్వడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. రెండేళ్లుగా మొబైల్ యాప్‌లకూ వెబ్‌సైట్లకూ ఇంటర్‌ఫేస్ డిజైన్ చేస్తున్నాను. ఫిగ్మా అనే డిజైన్ పనిముట్టులో స్క్రీన్లు గీసి, లింకు పంపి, కొలతలన్నీ అందులోనే కనిపిస్తాయి, చూసుకోండి అని చెప్పడమే ఇంతకాలం నా పద్ధతి. కానీ తయారైన పేజీని నా ఫైలు పక్కన పెట్టి చూసినప్పుడల్లా ఎక్కడో ఒకచోట తేడా కనిపిస్తూనే ఉంది. బటను ఎత్తు నా ఫైలులో 40 పిక్సెళ్లు ఉంటే పేజీలో 42 వస్తోంది. శీర్షికకూ దాని కింది పేరాకూ మధ్య ఖాళీ నేను పెట్టినదానికంటే ఎక్కువగా ఉంటోంది. కార్డులో పేరు కాస్త పొడవైతే పక్కనున్న ఐకాన్ బయటికి పోతోంది.

ఈసారి అలా జరగకూడదని ప్రతి స్క్రీను మీదా ఎర్ర గీతలు గీసి, ప్రతి లేయరుకూ వెడల్పు, ఎత్తు, అంతరం రాసి ఒక పత్రం తయారుచేశాను. పన్నెండు స్క్రీన్లకు నాలుగు రోజులు పట్టింది. మా డెవలపర్ గారు దాన్ని ఓపికగా చదివి, తనకు కావలసినవి మాత్రం ఇందులో లేవన్నారు. కార్డు వెడల్పు 312 అని రాశారు, అది ఎప్పటికీ 312 మాత్రమేనా? జాబితాలో ఏమీ లేనప్పుడు ఏం చూపించాలి? బటను నొక్కాక సర్వరు నుంచి జవాబు వచ్చేవరకు అది ఎలా ఉండాలి? ఈ మూడింటిలో ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేకపోయింది.

స్పెక్‌లో తప్పకుండా రాయవలసినవి ఏవి, పనిముట్టు చూపించే కొలతలకు వదిలేయదగినవి ఏవి అన్నది నాకు తెలియడం లేదు. ఆ 40కి 42 ఎందుకు వస్తోందో కూడా ఎవరైనా వివరిస్తే మేలు.

మొదటి జవాబు (వెబ్ డెవలపర్)

ముందు 42 సంగతి చెబుతాను, ఎందుకంటే మిగతా చాలా తేడాలకు మూలం కూడా అలాంటిదే. మీ బటనులో అక్షరాల లైన్ హైట్ (ఒక వరుస ఎత్తు) 24, పైనా కిందా ప్యాడింగ్ (అక్షరాలకూ బటను అంచుకూ మధ్య ఖాళీ) 8 చొప్పున, చుట్టూ 1 పిక్సెల్ గీత ఉన్నాయనుకుంటున్నాను. ఫిగ్మాలో ఆటో లేఅవుట్ (లోపలివాటిని బట్టి పెట్టె కొలతను తానే లెక్కగట్టే పద్ధతి) వాడినప్పుడు చుట్టూ గీసిన స్ట్రోక్‌ను, అంటే గీతను, డిఫాల్టుగా లేఅవుట్ లెక్కలోకి తీసుకోరు కాబట్టి 24కు 16 కలిపి 40 అవుతుంది. బ్రౌజరులో బోర్డర్ అన్నది స్థలం ఆక్రమించే భాగం కాబట్టి పైన ఒకటి, కింద ఒకటి కలిసి 42 అవుతుంది. ఎత్తును విడిగా చెప్పనప్పుడు బాక్స్ సైజింగ్‌ను బోర్డర్ బాక్స్‌గా (చెప్పిన ఎత్తులోనే గీతనూ కలిపేలా) పెట్టినా ఈ రెండు పిక్సెళ్లు పోవు. ఆటో లేఅవుట్ అదనపు సెట్టింగ్‌లలో స్ట్రోక్‌ను లెక్కలో కలిపే ఎంపిక ఉంది. అది మార్చితే మీ ఫైలులోనే 42 కనిపిస్తుంది, అప్పుడు ప్యాడింగ్ 7కు తగ్గించాలా, ఎత్తు 42గా ఉంచాలా అన్నది మీరే నిర్ణయించవచ్చు. ఇక్కడ డెవలపర్ తప్పు ఏమీ లేదు, మీ తప్పు కూడా లేదు. ఒకే సంఖ్యను రెండు వ్యవస్థలు రెండు రకాలుగా లెక్కపెట్టాయి.

శీర్షిక కింది ఖాళీ కూడా ఇలాంటిదే. అంతరాన్ని అక్షరం అంచు నుంచి కాక ఆ వరుస పెట్టె అంచు నుంచి కొలుస్తారు. మీ శీర్షిక సైజు 24, లైన్ హైట్ 28 అనుకుందాం. స్పెక్‌లో లైన్ హైట్ రాయకపోతే, పేజీ మొత్తానికి పెట్టిన 1.5 నిష్పత్తి దానికీ వర్తించి వరుస ఎత్తు 36 అవుతుంది. అదనంగా వచ్చిన 8 పిక్సెళ్లు పైన 4, కింద 4గా పంచుకుంటాయి. మీరు 12 అని రాసిన అంతరం కంటికి 16గా కనిపించడానికి కారణం ఇదే. లైన్ హైట్‌ను ఫిగ్మాలో ఆటోకు వదిలేయకండి. ఆ ఆటో విలువ ఫాంటును బట్టి మారుతుంది. తెలుగు పాఠం ఉన్న స్క్రీన్లలో ఇది మరీ ముఖ్యం, గుడులు పైకీ ఒత్తులు కిందికీ సాగుతాయి కనుక ఇంగ్లీషు అక్షరాలతో చూసి బాగుందనుకున్న 1.2 నిష్పత్తిలో తెలుగు వరుసలు ఒకదానికొకటి తగులుకుంటాయి.

లెటర్ స్పేసింగ్‌ను (అక్షరాల మధ్య ఎడాన్ని) మీ ఫైలు శాతంలో చూపిస్తుంది, మేము సీఎస్ఎస్‌లో (వెబ్ పేజీ రూపాన్ని రాసే భాషలో) సాధారణంగా అక్షర సైజుకు సమానమైన ఈఎమ్ ప్రమాణంలో రాస్తాము. మైనస్ 2 శాతం అంటే మైనస్ 0.02 ఈఎమ్, 20 సైజు అక్షరాలకు అది మైనస్ 0.4 పిక్సెల్. శాతం గుర్తు చూసి దాన్ని పిక్సెళ్లుగా రాసినవాళ్లను నేను చూశాను.

ఇక మీ 312. స్క్రీను వెడల్పు 360 తీసుకుని, రెండు పక్కలా 24 వదిలి ఉంటారు, మిగిలింది 312. అంటే 312 అనేది మీరు ఎంచుకున్న విలువ కాదు, రెండు నిర్ణయాల నుంచి పుట్టిన ఫలితం. మీరు ఎంచుకున్నవి 24 అంచు, మిగతా స్థలమంతా కార్డుకే అన్న నియమం. నాలుగు రోజులు కూర్చుని మీరు రాసిన పత్రంలో ఎక్కువ భాగం ఇలాంటి ఫలితాలే అయి ఉంటాయని నా అనుమానం. వాటిని పనిముట్టు ఎలాగూ చూపిస్తుంది, 2023లో ఫిగ్మాలో డెవలపర్ల కోసం వచ్చిన డెవ్ మోడ్ ఇంకా శుభ్రంగా చూపిస్తుంది. నియమాన్ని మాత్రం మీరు రాస్తేనే మాకు తెలుస్తుంది. కార్డు వెడల్పు ఫిల్ (ఉన్న స్థలమంతా నింపేది), గరిష్ఠంగా 480, అంతకు మించిన స్క్రీనులో ఎడమవైపుకే ఉంటుంది అని ఒక్క వాక్యం రాస్తే పదిహేను కొలతలు అక్కర్లేదు.

పొడవైన పేరు విషయంలో కూడా నియమమే కావాలి. పేరు రెండో వరుసకు మడతపడుతుందా, ఒక్క వరుసలోనే ఉండి చివర చుక్కలు వస్తాయా, అలా వస్తే పూర్తి పేరు చూసే దారి ఏమిటి అన్నవి చెప్పండి. ఐకాన్ కుంచించుకుపోకూడదని, పేరుకే స్థలం తగ్గాలని రాస్తే మీరు చెప్పిన విరుపు రాదు.

రెండో జవాబు (డిజైన్ సిస్టమ్ పని చూసేవారు)

పైన చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. రంగుల గురించి, స్థితుల గురించి కొంత కలుపుతాను.

రంగును విలువగా కాక పాత్రగా రాయండి. బూడిదరంగు #767676 అని పది చోట్ల రాసి ఉంటే, వాటిలో ఏది సహాయక పాఠం, ఏది ఐకాన్, ఏది కేవలం గీత అన్నది డెవలపర్‌కు తెలిసే దారి ఉండదు. డార్క్ థీమ్ వచ్చిన రోజున ఆ పదీ పది దారులు పట్టవలసి వస్తుంది. సహాయక పాఠానికి ఒక టోకెన్ (విలువకు పెట్టిన పేరు), గీతకు ఒక టోకెన్ పెట్టి, ఫైలులోని వేరియబుల్‌కూ కోడ్‌లోని పేరుకూ తేడా లేకుండా చూసుకోండి. స్టైల్ డిక్షనరీ లాంటి పనిముట్టు పేర్లూ విలువలూ రాసి ఉంచే ఒకే జేసన్ ఫైలు నుంచి వెబ్, ఆండ్రాయిడ్, ఐఓఎస్‌లకు కావలసిన రూపాల్లో ఆ విలువలను తీసి ఇస్తుంది కాబట్టి, పేర్లు కుదిరాక విలువలను చేత్తో నకలు చేయవలసిన పని ఉండదు. పేర్ల మీద డెవలపర్లతో కలిసి కూర్చుని ఒక పూట గడపడం వృథా కాదని నా అనుభవం. అది జరగని జట్లలో ఒకే నీలానికి నాలుగు పేర్లు చూశాను.

పైన #767676 అన్న విలువను ఊరికే తీసుకోలేదు. తెల్లటి నేపథ్యం మీద #767676 కాంట్రాస్టు (అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య వెలుగు నిష్పత్తి) సుమారు 4.54. డబ్ల్యూసీఏజీ (వెబ్‌ను అందరూ వాడగలిగేలా చేయడానికి ఉన్న మార్గదర్శకాలు) ఏఏ స్థాయిలో మామూలు సైజు పాఠానికి కావలసినది 4.5. దాని పక్కనే ఉన్న #777777 తీసుకుంటే 4.48కి పడిపోతుంది. కంటికి ఈ రెండింటికీ తేడా కనిపించదు, కాబట్టి కోడ్‌లో ఎవరో దగ్గరగా ఉందని వేరే విలువ వాడితే ఎవరూ పట్టుకోలేరు. పాత్రతో పాటు ఈ పరిమితిని కూడా స్పెక్‌లో రాసి ఉంచండి.

అపారదర్శకత విషయంలో ఒక చిన్న హెచ్చరిక. లేయరు మొత్తానికి 50 శాతం ఇవ్వడం, దాని నేపథ్య రంగుకు మాత్రమే 50 శాతం ఇవ్వడం ఒకటి కాదు. మొదటిదానిలో లోపలి అక్షరాలు కూడా వెలిసిపోతాయి. ఏది ఉద్దేశించారో స్పష్టంగా చెప్పండి.

మీ డెవలపర్ గారు అడిగిన మిగతా రెండు ప్రశ్నలు స్థితులకు సంబంధించినవి. బటనుకు మామూలు స్థితి, మౌస్ పైన ఉన్నప్పుడు, నొక్కినప్పుడు, కీబోర్డు ఫోకస్ వచ్చినప్పుడు, పనిచేయనప్పుడు, జవాబు కోసం ఆగినప్పుడు అని కనీసం ఆరు రూపాలు ఉంటాయి. వీటిలో తరచుగా మరచిపోయేది కీబోర్డు ఫోకస్. డిజైనరు గీయకపోతే, అందంగా లేదని బ్రౌజరు గీసే చట్రాన్ని ఎవరో తీసేస్తారు, అప్పుడు కీబోర్డు మీదే ఆధారపడే మనిషికి తాను పేజీలో ఎక్కడ ఉన్నదీ తెలియదు. నాకు ఇది చాలా బాధ కలిగించే లోపం, ఎందుకంటే దాన్ని నివారించడానికి పట్టేది ఒక వేరియంట్ (బటనుకు మరో రూపం) గీసేంత సమయమే. జాబితాకు కూడా నిండుగా ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు, లోడ్ అవుతున్నప్పుడు, తెచ్చుకోవడం విఫలమైనప్పుడు ఎలా ఉండాలో వేర్వేరుగా గీయాలి. ఆగే స్థితిలో బటను వెడల్పు మారకూడదని, రెండోసారి నొక్కితే పట్టించుకోకూడదని వాక్యంగా రాయండి; అది ఏ బొమ్మలోనూ కనిపించదు.

మూడో జవాబు (ఆండ్రాయిడ్ డెవలపర్)

మీరు మొబైల్ యాప్‌లకు కూడా పనిచేస్తారన్నారు కాబట్టి ప్రమాణాల సంగతి చెప్పాలి. ఆండ్రాయిడ్‌లో మేము వాడేది డీపీ, అంటే తెర సాంద్రతను బట్టి పిక్సెళ్లుగా మారే ప్రమాణం. 160 డీపీఐ (అంగుళానికి 160 చుక్కల) తెర మీద ఒక డీపీ ఒక పిక్సెల్‌కు సమానం, 480 డీపీఐ తెర మీద మూడు పిక్సెళ్లకు సమానం. ఫైలును ఒకరెట్టు కొలతలో, అంటే 360 లాంటి వెడల్పులో గీసి ఉంటే మీ సంఖ్యలను నేరుగా డీపీగా తీసుకోగలం. 1080 వెడల్పులో గీసి పంపితే ప్రతి సంఖ్యనూ మూడుతో భాగించవలసి వస్తుంది, అక్కడే 17.33 లాంటి విలువలు పుడతాయి. అలాంటి విలువ కనిపించినప్పుడు అది ఉద్దేశపూర్వకమా, ఏదో ఫ్రేమును సాగదీయడం వల్ల వచ్చిందా అన్నది మాకు తెలియదు. పంపే ముందు ఫైలులో దశాంశాలన్నీ ఒకసారి వెతికి సరిచేయండి.

అక్షరాల సైజుకు డీపీ కాక ఎస్పీ వాడతాము, అది వినియోగదారు పెట్టుకున్న అక్షర పరిమాణాన్ని బట్టి పెరుగుతుంది. ఆండ్రాయిడ్ 14 నుంచి దాన్ని 200 శాతం వరకు పెంచుకోవచ్చు. కాబట్టి అక్షరాలు ఉన్న ఏ పెట్టెకూ స్థిరమైన ఎత్తు రాయకండి, కనిష్ఠ ఎత్తు రాయండి. ఎత్తు 48 అని ఉంటే అక్షరాలు కత్తిరించబడతాయి, కనిష్ఠ ఎత్తు 48 అని ఉంటే పెట్టె పెరుగుతుంది. ఒక్క మాట తేడా, అంతే.

వేలితో నొక్కే ప్రాంతం ఐకాన్ సైజుకు వేరుగా ఉండాలి. ఐకాన్ 24 అయినా నొక్కే ప్రాంతం ఆండ్రాయిడ్ మార్గదర్శకాల ప్రకారం 48 డీపీ, ఆపిల్ ప్రకారం 44 పాయింట్లు. 2023 అక్టోబరులో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.2 ఏఏ స్థాయిలో కొన్ని మినహాయింపులతో కనీసం 24 సీఎస్ఎస్ పిక్సెళ్లు కావాలంటుంది. పక్కపక్కన రెండు ఐకాన్లు 8 అంతరంతో ఉంటే, వాటి నొక్కే ప్రాంతాలు ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. అది ఫైలులోనే పరిష్కరించవలసిన విషయం.

నీడలకు మీరు ఇచ్చే బ్లర్, ఆఫ్‌సెట్ విలువలు వెబ్‌లో పనికొస్తాయి. ఆండ్రాయిడ్‌లో ఎలివేషన్ (నేపథ్యం నుంచి ఎంత ఎత్తున ఉందో చెప్పే విలువ) ఇస్తే నీడను వ్యవస్థే లెక్కగడుతుంది కాబట్టి, అక్కడ ఎలివేషన్ విలువ ఇచ్చి, రూపం కొంచెం తేడాగా ఉన్నా ఫరవాలేదో లేదో చెబితే చాలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. స్ట్రోక్ సెట్టింగ్ మార్చి చూశాను, ఫైలులోనే 42 కనిపించింది. ప్యాడింగ్‌ను 7 చేసి టోకెన్‌గా పెట్టాను. పాత పత్రాన్ని పక్కన పెట్టి ఒక్క కార్డుకు కొత్తగా ఇలా రాశాను, లోపాలుంటే దయచేసి చెప్పండి.

"కార్డు వెడల్పు ఫిల్, గరిష్ఠం 480, స్క్రీను అంచుల నుంచి 24. కనిష్ఠ ఎత్తు 72, పాఠాన్ని బట్టి పెరుగుతుంది. పేరు గరిష్ఠంగా రెండు వరుసలు, ఆపైన చుక్కలు. కార్డు నొక్కితే తెరుచుకునే పేజీలో పూర్తి పేరు ఉంటుంది. ఐకాన్ 24, కుంచించుకోదు, నొక్కే ప్రాంతం 48, పేరు మొదటి వరుసకు మధ్యగా ఉంటుంది. ఫొటో లేకపోతే పేరులోని మొదటి అక్షరం. ఫోకస్ చట్రం 2 పిక్సెళ్లు, కార్డుకు బయట 2 పిక్సెళ్ల దూరంలో."

మొదటి జవాబు ఇచ్చినవారు

ఇది చదివి నేను కార్డు కట్టగలను. ఒకటి మాత్రం తేలలేదు: పేరు ఒక్క వరుసే ఉన్నప్పుడు పాఠం కార్డులో నిలువుగా మధ్యకు వస్తుందా, పైకే ఉంటుందా? ఐకాన్‌ను మొదటి వరుసకు కట్టారు కాబట్టి కనిష్ఠ ఎత్తు 72 ఉన్న కార్డులో ఇది తేడా చూపిస్తుంది. అలాగే మొదటి అక్షరం అన్నచోట, "శ్రీ" లాంటి పేరులో యూనికోడ్ లెక్కన తొలి గుర్తు ఒక్క "శ" మాత్రమే. మీకు కావలసింది పూర్తి అక్షరమే అయితే ఆ మాట రాయండి, లేకపోతే మేము "శ" చూపిస్తాము.