జిగ్‌సా కొనాలి: పైన పిడి ఉన్నదా, బ్యారెల్ రకమా?

బాల్కనీ వడ్రంగి (కూకట్‌పల్లి):
అందరికీ నమస్కారం. ఇంతకాలం చేతి రంపంతోనే నెట్టుకొచ్చాను. ఇప్పుడు మా అమ్మాయి గదికి గుండ్రటి అంచులున్న అరలు, పూజా మందిరానికి తోరణం ఆకారంలో ముందు పలక చేయాలని ఉంది. అరలకు 18 మి.మీ. ప్లైవుడ్. మందిరానికి ఊళ్లో పాత ఇంటి తలుపుల టేకు, సుమారు అంగుళం మందం. వంపులు కోయాలంటే జిగ్‌సా (సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ కోసే కరెంటు రంపం) తప్పేలా లేదు. దుకాణాల్లో కనిపించేవన్నీ పైన పిడి ఉన్నవే. యూరప్ వాళ్ల వీడియోల్లో మాత్రం పిడి లేకుండా మోటారు ఒంటినే చేత్తో పట్టుకుని కోస్తున్నారు. దాన్నే బ్యారెల్ రకం అంటారు. వంపులకు అదే మేలని కొందరంటారు. నా చేతులు చిన్నవి. పనంతా బాల్కనీలో మడత బల్ల మీదే. రెండు రకాలూ వాడినవాళ్లు చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

గోదావరి టేకు (రాజమహేంద్రవరం):
అమ్మా, మాది వడ్రంగం చేసే ఇల్లే. పైన పిడి ఉన్నదే తీసుకోండి. కారణం మీటలో ఉంది. చూపుడు వేలికింద మీట ఉంటుంది కాబట్టి గీత మీదికి నెమ్మదిగా ఎక్కించి, తిన్నగా ఉన్నచోట వేగం పెంచి, మలుపు రాగానే వేలు సడలించవచ్చు. బ్యారెల్ రకంలో వేగానికి ఒక చక్రం ఉంటుంది. కోతకు ముందే అది తిప్పి పెట్టుకోవాలి, మధ్యలో మార్చాలంటే రెండో చేయి కదలాలి. తోరణం లాంటి పనిలో మలుపు మలుపుకీ వేగం మారుతూనే ఉంటుంది.

మకితా 4329 చిన్నది, 450 వాట్లు, ప్లైవుడ్ పనికి సరిపోతుంది. టేకు తరచుగా కోసేటట్లయితే బాష్ జీఎస్‌టీ 8000 ఈ చూడండి (పన్ను కాదు, మోడల్ పేరే అది). అది 710 వాట్లు. బ్లేడు పైకీ కిందికీ ఆడే దూరం చిన్నదానిలో 18 మి.మీ., పెద్దదానిలో 20 మి.మీ. చూడటానికి రెండు మిల్లీమీటర్లే గానీ మందపు కర్రలో పొట్టు బయటికి రావడంలో తేడా తెలుస్తుంది.

స్టుట్‌గార్ట్ వాసి:
గోదావరి గారు మీట గురించి చెప్పినది నిజమే, కానీ చేయి ఎక్కడుందన్నది వదిలేశారు. కోత జరిగేది అడుగు పళ్లెం (మిషను పలక మీద ఆనే భాగం) దగ్గర. పైన పిడి పట్టుకుంటే మన బలం దానికి బాగా ఎత్తునుంచి పడుతుంది. ముందుకు తోసినప్పుడల్లా మిషను కాస్త ముందుకు వంగాలనీ పక్కకు ఒరగాలనీ చూస్తుంది. అది ఒరిగితే బ్లేడూ ఒరుగుతుంది. పైన గీత మీదే కోసినట్టు కనిపిస్తుంది, పలక తిరగేసి చూస్తే అడుగున కోత పక్కకు పోయి ఉంటుంది. బ్యారెల్ రకంలో అరచేయి పళ్లేనికి దగ్గరగా ఉంటుంది. మలుపులో మణికట్టు తిప్పితే చాలు, మోచేయి పైకెత్తాల్సిన పని లేదు.

ఇక్కడి అంగళ్లలో ఒకే మిషను రెండు రూపాల్లోనూ దొరుకుతుంది. బాష్‌లో 150 బీసీఈ అంటే పైన పిడి, 150 సీఈ అంటే బ్యారెల్. మకితాలో 4350 ఎఫ్‌సీటీ, 4351 ఎఫ్‌సీటీ కూడా అలాంటి జంటే. ఫెస్టూల్‌లో పీఎస్‌బీ 420కి పిడి ఉంటుంది, పీఎస్ 420కి ఉండదు. లోపలి మోటారూ, బ్లేడు పట్టుకునే భాగమూ జంటలో రెండింటికీ ఒకటే కాబట్టి ఎంచుకోవాల్సింది పట్టునే.

అసలు ఈ మిషను పుట్టుకే తమాషా. స్విట్జర్లాండ్‌లోని సోలోథర్న్‌లో సింటిలా అనే సంస్థలో ఆల్బర్ట్ కాఫ్‌మన్ అనే ఇంజినీరు 1946లో కుట్టుమిషను సూది తీసేసి రంపం బ్లేడు బిగించి చూశాడట. మరుసటి ఏడాది లెస్టో పేరుతో అమ్మకానికి వచ్చింది. 1954లో ఆ సంస్థ బాష్ చేతికి వెళ్లింది.

పాత ఉలి (వరంగల్):
చరిత్ర బాగుంది. స్టుట్‌గార్ట్ వాసికి కరెంటు పోయిన అనుభవం మాత్రం ఉన్నట్టు లేదు. బ్యారెల్ మిషనుకు మీట ఉండదు, జరిపే బటన్ ఉంటుంది. ఒకసారి ఆన్ చేస్తే మళ్లీ మనం జరిపేదాకా ఆన్‌లోనే ఉంటుంది. పని మధ్యలో కరెంటు పోయిందనుకోండి, మిషను బల్ల మీద పెట్టి టీ తాగడానికి వెళతాం. కరెంటు రాగానే అది తనంతట తాను ఆడటం మొదలుపెడుతుంది. కొన్ని ఖరీదైన మోడళ్లలో దీనికి రక్షణ ఉంది, అన్నిటిలో లేదు. ఇంట్లో చిన్నపిల్ల ఉందంటున్నారు. బ్యారెల్ తీసుకుంటే కరెంటు పోగానే ప్లగ్గు పీకేయడం అలవాటు చేసుకోండి. పిడి ఉన్నవాటిలోనూ మీటను బిగించి ఉంచే చిన్న గుండీ ఉంటుంది, దాన్ని నొక్కి పెట్టుకునేవాళ్లకూ ఇదే ప్రమాదం.

ఇంకో మాట. చేతులు చిన్నవంటున్నారు. బ్యారెల్ అంటే మీరు పట్టుకునేది మోటారు చుట్టూ ఉన్న డబ్బానే. అది లావు. కాసేపటికి వేడెక్కుతుంది కూడా. మన మే నెల ఎండకు ఆ వేడి తోడైతే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

స్టుట్‌గార్ట్ వాసి:
కరెంటు సంగతి ఒప్పుకుంటాను, మంచి మాట చెప్పారు. కానీ బ్యారెల్‌తో మాత్రమే హాయిగా చేయగలిగిన పని ఒకటుంది. ఇక్కడి పాత వడ్రంగులు మిషనును పలక కిందనుంచి పట్టుకుని, బ్లేడు పైకి వచ్చేలా కోస్తారు. మామూలు బ్లేడు పళ్లు మిషను వైపుకు లాగుతూ కోస్తాయి. అందుకే పైనుంచి కోస్తే పైముఖం పీచులేస్తుంది. కిందనుంచి కోస్తే ఆ పీచంతా అడుగు ముఖానికి పోతుంది, మనకు కనిపించే ముఖం శుభ్రంగా వస్తుంది. పైగా గీతకు పళ్లెం అడ్డు ఉండదు. తోరణం వంపుకు ఇది చాలా పనికొస్తుంది.

గోదావరి టేకు:
పొట్టంతా మిషను గాలి రంధ్రాల్లోకీ మన కళ్లలోకీ రాలుతుంది కదండీ. బ్లేడు కొన పైకి ఆడుతూ ఉంటుంది, పలక పట్టుకున్న రెండో చేయి ఎక్కడుందో క్షణక్షణం చూసుకోవాలి. రోజూ చేసేవాళ్లకు సరే. మొదటి మిషను కొంటున్న ఆవిడకు ఈ విద్య చెప్పకండి. పీచు లేవకూడదంటే పలకను తిరగేసి వెనక ముఖం మీద గీత గీసి పైనుంచే కోసుకోవచ్చు. తోరణం రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి అసలు చిక్కే లేదు.

ఆస్టిన్ గరాజ్:
ఒక్క ముక్క. అమెరికా నుంచి ఎవరైనా తెచ్చిస్తామంటే తీగ ఉన్న మోడల్ వద్దనండి. ఇక్కడివి 120 వోల్టులవి, అక్కడి 230కి పెడితే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కొనడం దండగ.

బాల్కనీ వడ్రంగి:
అందరికీ ధన్యవాదాలు. శనివారం రాణీగంజ్ వెళ్లి చూశాను. పిడి ఉన్నవి మూడు నాలుగు కంపెనీలవి చేత్తో పట్టి చూడనిచ్చారు. బ్యారెల్ రకం ఒక్క చోటే కనిపించింది, అదీ ఎవరో ఆర్డర్ చేసి తెప్పించుకున్నది. పట్టుకుంటే నా బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య చాలా ఎడం మిగిలింది. పాత ఉలి గారు చెప్పినట్టే ఉంది. కానీ స్టుట్‌గార్ట్ గారు చెప్పిన ఒరగడం మాట మనసులోంచి పోవడం లేదు. పిడి ఉన్నదాంతో అది రాకుండా కోయగలమా?

పాత ఉలి:
కోయగలం. ఒరగడంలో పిడి పాపం కొంతే, బ్లేడుదే ఎక్కువ. మొద్దుబారిన బ్లేడును బలవంతంగా తోస్తే ఏ మిషనులోనైనా అది విల్లులా వంగుతుంది. మూడు పనులు చేయండి. మొదట, కొత్త మిషనే అయినా చిన్న మూలమట్టం పెట్టి బ్లేడుకూ పళ్లేనికీ 90 డిగ్రీలు ఉన్నాయో లేదో చూసుకోండి, పెట్టె మీద రాసినదాన్ని నమ్మకండి. రెండు, కుడిచేత్తో పిడి పట్టి ఎడమచేతి వేళ్లను మిషను ముక్కు మీద ఆనించండి. అప్పుడు మీ బలం కిందికి దిగుతుంది, బ్యారెల్ సుఖం సగం వచ్చినట్టే. పలకను క్లాంపులతో బల్లకు బిగించకపోతే ఎడమచేయి ఖాళీ దొరకదు, కాబట్టి క్లాంపులు ముందు కొనండి. మూడు, తోయకండి. బ్లేడు తినగలిగినంత వేగంతోనే కదలనివ్వండి.

పక్కన ఒక చిన్న మీట ఉంటుంది, సున్నా నుంచి మూడు దాకా. అది బ్లేడును ముందుకూ వెనక్కూ ఊపుతుంది. వంపులకూ, సన్‌మైకా అతికించిన ప్లైవుడ్‌కూ సున్నా మీద పెట్టండి. మూడు మీద వేగంగా పోతుంది గానీ అంచు ముతకగా వస్తుంది.

గోదావరి టేకు:
బ్లేడు పేర్లు నేను చెబుతాను. మెడ టీ ఆకారంలో ఉన్నవే కొనండి, ఇప్పటి మిషన్లు దాదాపు అన్నీ వాటికే. మీ అరలకు టీ 101 బీ, అంచు శుభ్రంగా వస్తుంది, పెద్ద వంపులు తిరుగుతుంది. టీ 144 డీ వేగంగా కోస్తుంది, ముతకగా. టేకును మొదట సైజుకు తెచ్చుకోవడానికి మంచిది. తోరణంలో బిగుతు మలుపులకు టీ 244 డీ. వెడల్పు తక్కువ కాబట్టి తిరుగుతుంది, కాకపోతే అంచుకు ఆకురాయి పట్టాలి. పల్చటి ప్లైవుడ్‌తో పాపకు బొమ్మలేమైనా చేస్తే టీ 101 ఏఓ తెచ్చుకోండి. పళ్లు తలకిందులుగా ఉన్న టీ 101 బీఆర్ అని ఒకటుంది, సన్‌మైకా పైముఖం పెచ్చులూడదు, కానీ అది మిషనును పైకి ఎగదోస్తుంది, గట్టిగా అదిమి పట్టాలి. అలా అదమడానికి పైన పిడే సుఖం, ఇది స్టుట్‌గార్ట్ గారు కూడా కాదనరు.

స్టుట్‌గార్ట్ వాసి:
కాదనను. పాత తలుపుల టేకు అన్నారు కదా, మేకులు ఉండిపోయి ఉంటాయి. కోసే ముందు అయస్కాంతం ఒకటి పలకంతా తిప్పి చూడండి. మేకు తగిలితే టీ 144 డీ అక్కడికక్కడే పళ్లు పోగొట్టుకుంటుంది.

బాల్కనీ వడ్రంగి:
710 వాట్లదే, పిడి ఉన్నది తీసుకున్నాను. నాలుగు క్లాంపులు, టీ 101 బీ ఒక పెట్టె, టీ 244 డీ రెండు. మూలమట్టం పెట్టి చూస్తే పళ్లెం నిజంగానే కొద్దిగా వాలి ఉంది, అడుగున మర వదులు చేసి సరిచేశాను. అయస్కాంతానికి టేకులో ఇప్పటికి రెండు మేకులు దొరికాయి, రెండూ తల విరిగి లోపలే ఉండిపోయినవి. వాటిని పలక పాడవకుండా తీయడం ఎలాగో ఎవరైనా చెబుతారా?

గోదావరి టేకు:
చుట్టూ సన్నటి డ్రిల్ బిట్‌తో మూడు నాలుగు రంధ్రాలు పొడిచి, సన్న మూతి పట్టకారుతో లాగండి. ఆ గుంటలో టేకు ముక్కనే చెక్కి, జిగురు రాసి బిగిస్తే సరిపోతుంది. కర్ర ఈనెలు పలక ఈనెల వైపే ఉండేలా చూసుకోండి.