కిరాట కీచకులా, కిరాత కీచకులా?

హనుమకొండ పంతులమ్మ:
నేను చదివేవన్నీ శాసనాల పుస్తకాలు, ఆత్మకథలు, సాహిత్య విమర్శ. చారిత్రక ప్రేమకథ అంటే ఆమడ దూరం. మొన్న చెల్లె ఇంట్ల అట్ట ఊడిన పాత నవల ఒకటి దొరికితే నాలుగు పేజీలు తిప్పి పెట్టేద్దామనుకున్న. తెల్లారేదాక వదల్లేదు. 1323 ఓరుగల్లు ముట్టడి కాలం. మట్టికోట కాపలావాడు, లెంకల (రాజు కోసం ప్రాణమిచ్చే బంట్ల) ఇంటి పిల్ల. అగడ్త కాడ ఆమె కడవ దించుతది, వాడు చూపు తిప్పుకుంటడు. ఒక అధ్యాయమంతా గంతే! శాసనాలల్ల దానాలు, మాన్యాలు కనపడతయి గని కాపలా కాసేటోని గుండెదడ ఏడ కనపడ్తది?

ఇక అసలు సంగతి. కోట పడే ముందు వాడు "కాటుక కంటినీరు" పద్యం చదువుతడు, ఏడ్చే సరస్వతికి నిన్ను రాజులకు అమ్మనని పోతన మాటిచ్చే పద్యం. (కాలం కుదరదని నాకూ తెలుసు, దాని జోలికి పోకుండ్రి.) అచ్చులో "కర్ణాట కిరాత కీచకుల" అని ఉన్నది. ఎవరో పెన్సిల్‌తో త కొట్టేసి పైన ట రాసిండ్రు. మా సారు బడిలో ఏది చెప్పిండో ఎంత తన్నుకున్నా యాదికొస్తలేదు. టనా, తనా?

ఛందోభిమాని:
జోలికి పోకుండా ఎట్లా మేడం! పోతన 15వ శతాబ్దం. ఆ కాపలావాడు వందేళ్లు ముందుకు దూకి పద్యం తెచ్చుకున్నాడన్నమాట. సరే, అక్షరం. ఉత్పలమాల. ప్రాస (పాదంలో రెండో అక్షరం) ట: కాటుక, కైటభ, హాటక, ర్ణాట. "కిరాట"లో ట ప్రాసస్థానంలో లేదు, యతి (పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు) పదో అక్షరం మీద. రాట అన్నా రాత అన్నా గణం అదే. ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు.

కరీంనగర్ చదువరి:
అర్థం చెప్తది కద సార్. కిరాటుడంటే వర్తకుడు, కల్హణుడు కాశ్మీర రాజుల చరిత్ర రాజతరంగిణిలో వాడిండు. "ఆకటికిం గొనిపోయి… అమ్మ" అంటున్నడు, అంటే అమ్మను. అమ్మకం ముచ్చటల కొనేటోడు వర్తకుడే ఉండాలె. ట.

పాలకుర్తి పిల్లగాడు:
నాదీ టనే, కారణం వేరు. శివుడు కిరాతుడై, అంటే వేటగాడై, అర్జునునితోటి కలబడ్డడు. శివుని మీద వీరభద్రవిజయం రాసిన పోతన చెయ్యి ఆ మాటను తిట్టుగా వాడుతదా?

ఛందోభిమాని:
తమ్మీ, అట్లయితే తెలుగులో ఏ శివభక్తుడూ వేటగాణ్ణి తిట్టకూడదు. నన్నడిగితే కిరాతే. రాజులు వర్తకులైతే తిట్టేముంది? బేరమాడి పోతారు. కిరాతుడంటేనే సరస్వతి కన్నీటికి తగిన భయం.

కరీంనగర్ చదువరి:
అడివిల తిరిగే కిరాతునికి కృతి కొనే పైసలు ఏడియి సార్?

మడికొండ మాస్టారు:
మీరంతా టకూ తకూ కొట్టుకుంటున్నారు, నాలుగో పాదంలో యతి ఎవరూ చూడలేదు. మొదట ర్ణా, పదో చోట "కులకు అమ్మ"లో అ. కర్ణ, అట అని విడదీస్తే తప్ప మైత్రి లేదు. "కర్ణాట" మాటను పాదాల మధ్య విరిచి అచ్చుతో యతి వేయడం, అదీ పోతన నేర్పు. మూడో పాదంలో హాకు "నిను ఆకటికిం"లో ఆ చూడండి.

పాలకుర్తి పిల్లగాడు:
పోతనదేనా అసలు? భాగవతంల లేని పద్యం, నోటినోట తిరిగిన చాటువు.

ఒంటిమిట్ట వైపు:
"కర్ణాట" అన్నాడంటేనే ఎటు వైపు కవో తెలియట్లా?

మడికొండ మాస్టారు:
ఈ మాట బమ్మెర పొలిమేరలో నిలబడి అనండి సార్, బండెక్కించి పంపుతారు. పోతన చెప్పుకున్న ఏకశిలానగరం అంటే ఓరుగల్లే, ఒంటిమిట్ట కాదు. మళ్లీ ఆ కుండ పగలగొట్టకండి.

హనుమకొండ పంతులమ్మ:
అయ్యలారా, నేనడిగింది ఒక్కక్షరం.

మడికొండ మాస్టారు:
వస్తున్నా తల్లీ. ప్రేమకథలు పడవన్నారు కదా? పోతన పేరుమీదే ఒకటున్నది. రాచకొండ సర్వజ్ఞ సింగభూపాలుని మీద మనసుపడ్డ పిల్ల కథ, భోగినీ దండకం. "ఇమ్మనుజేశ్వరాధముల" అని రాజులను ఛీకొట్టినాయనే ఒక రాజు వలపు మీద దండకం కట్టాడు. ఆయన మామూలు దారి కాదది, కానీ కట్టాడు.

ఛందోభిమాని:
అది పోతనది కాదన్నవాళ్లూ ఉన్నారు మాస్టారూ.

మడికొండ మాస్టారు:
ఉన్నారు. నేను వాళ్లలో లేను.

కరీంనగర్ చదువరి:
అక్కా, గా పేజీ ఫొటో పెట్టు, పెన్సిల్ రాత చూద్దాం. ఇక ఈ రుచి తలకెక్కితే బాపిరాజు "గోన గన్నారెడ్డి" పట్టుకో. రుద్రమదేవి కాలం. అండ్ల ప్రేమా ఉన్నది, కత్తీ ఉన్నది. హనుమకొండ రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయంల అడిగి చూడు.

పాలకుర్తి పిల్లగాడు:
గోనవాళ్ల మాటొచ్చింది గనక, రంగనాథ రామాయణం గోన బుద్ధారెడ్డిదే అయితే మధ్యల రంగనాథుడు ఎవరు సార్?

ఛందోభిమాని:
దానికి వేరే చర్చ పెట్టు తమ్మీ. పెట్టగానే నన్ను పిలువు.