ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పెద్దగుంటెనే పేపర్‌కి విలువనా? జర తెలిసినోళ్లు చెప్పండి

హన్మకొండ_స్కాలర్:
అందరికి నమస్తే. నేను బాటనీల పీహెచ్‌డీ, మూడో సంవత్సరం. పత్తి ఆకుమచ్చ తెగులు మీద పని. పరకాల దిక్కు ఊర్లల్ల మూడు సీజన్లు తిరిగి ఆకులు తెచ్చుకున్న. పేపర్ రాసుడు అయిపోయింది, ఏ జర్నల్‌కి పంపాలె అన్నకాడ ఆగిపోయిన. ఒకటి ప్లాంట్ పాథాలజీ వాళ్లది, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పేపర్లకి సగటున ఎన్ని సైటేషన్లు వస్తయో చెప్పే నంబర్) 1.9, మా పని చేసేటోళ్లు అదే చదువుతరు. ఇంకోటి అన్ని సబ్జెక్టులు వేసేది, 3.8, పైసలు గూడ కట్టాలె. గైడ్ మేడం మొదటిదానికే పంపుమంటున్నరు. కానీ నేను గెస్ట్‌గా క్లాసులు చెప్పే కాలేజీల మాత్రం "నంబర్ ఎంత" అనే అడుగుతరు. మొన్న ఒక ఎక్సెల్ షీట్ పంపిన్రు, అందుల జర్నల్ పేరు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్, క్యూ1 ఆ క్యూ2 ఆ (సబ్జెక్ట్ జర్నల్స్‌ల పై పావు భాగమా, దాని కింది పావా) అని ఉన్నది, పేపర్ పేరు రాయనీకి కాలమే లేదు. మూడేండ్ల పని ఏందో ఒక్కరు గూడ అడగకపోతే చానా బాధనిపించింది. ఇంకో డౌటు, నా రూమ్మేట్ మ్యాథ్స్, ఆమె జర్నల్‌కి 1.2 ఉంటే క్యూ1 అంట, నాది 1.9 ఉండి క్యూ2. ఇదెట్ల?

సుబేదారి_కెమిస్ట్రీ:
చెల్లె, ముందుగాల ఆ నంబర్ ఎట్ల వస్తదో చూడు, సగం భయం పోతది. ఒక జర్నల్ 2022, 2023 రెండేండ్లల్ల కలిపి 120 పేపర్లు వేసింది అనుకో. 2024ల ఆ రెండేండ్ల జర్నల్‌ని పట్టుకొని అందరు చేసిన సైటేషన్లు, అంటే వేరే పేపర్లల్ల దాన్ని పేర్కొనుడు, 300. 300ని 120తోని భాగిస్తే 2.5, అదే 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్. అంతకంటె ఏం లేదు. ఇందుల ఒక కిటుకున్నది, కింద లెక్కపెట్టేది రీసెర్చ్ ఆర్టికల్స్, రివ్యూలు మాత్రమే, పైన మాత్రం ఎడిటోరియల్‌కి, లెటర్‌కి వచ్చిన సైటేషన్ గూడ కలుస్తది. అందుకే చర్చలు, వార్తలు ఎక్కువ వేసే జర్నల్‌కి కొంచెం లాభం ఉంటది.

ఇది సగటు, నీ పేపర్ మార్కు కాదు. ఎనుమాముల యార్డుకి మిర్చి సీజన్ల ఎప్పుడన్న పోయినవా? పొద్దున జెండా పాట, అంటే మొదటి వేలం, అయితది, మంచి సరుకుకి పలికిన ఆ ధరనే తెల్లారి న్యూస్ పేపర్ల వస్తది. మా నాయిన ఒకసారి ఆ ధర చూసి బస్తాలు ఏసుకొని పోయిండు, నేను గూడ పోయిన, అప్పుడు ఇంటర్ చదువుతున్న. మా కుప్ప కాడికి వచ్చినాయన బస్తాల మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగుకెళ్లి గుప్పెడు కాయ తీసిండు, ఒకటి విరిచి గింజ చూసిండు, ఇంకోదాని తొడిమె చూసిండు, అప్పుడు చెప్పిండు ధర. జెండా పాటకి దానికి చానా తేడా, అదే యార్డు, అదే దినం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జెండా పాట లెక్క అన్నిటికంటె పై ధర కాదు, సగటు, నిజమే, కానీ ఆ సగటును పైకి గుంజేది కొన్ని పేపర్లే, ఎక్కువ పేపర్లకి సగటు కంటె తక్కువ సైటేషన్లే వస్తయి. నీ పేపర్ సంగతి తెల్వాలంటే ఎవరన్న బస్తాల చెయ్యి పెట్టాలె, అంటే చదవాలె.

మా సబ్జెక్టుదే ఒక ఉదాహరణ. ఆక్టా క్రిస్టలోగ్రాఫికా ఏ అని పాత, మర్యాదున్న జర్నల్, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అప్పట్ల 2 చుట్టే. 2008ల జార్జ్ షెల్డ్రిక్ గారు షెల్‌ఎక్స్ సాఫ్ట్‌వేర్ చరిత్ర మీద ఒక పేపర్ రాసిన్రు. క్రిస్టల్ స్ట్రక్చర్ తీసే చానా ల్యాబులు ఆ సాఫ్ట్‌వేరే వాడతయి, వాళ్లు ఆ పేపర్నే సైట్ చేసిన్రు, 2009 లెక్కకి జర్నల్ నంబర్ 49 దాటింది, పెద్ద పేరున్న వైద్య జర్నల్ న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌ని దాటి పోయింది. లెక్కకొచ్చే ఆ రెండేండ్ల కిటికీల నుంచి ఆ ఒక్క పేపర్ బయటికి పోంగనే మళ్ల 2 కాడికే వచ్చింది. ఆ నడుమ అందుల పేపర్ వేసిన మిగతావాళ్ల పని రాత్రికి రాత్రి ఇరవై రెట్లు గొప్పగ అయిందా?

లైబ్రరీ_డెస్క్_కేయూసీ:
సార్ మంచిగ చెప్పిన్రు, నేను లైబ్రరీ మనిషిని కాబట్టి ఒక మాట కలుపుత. ఈ లెక్క పుట్టిందే మాలాంటోళ్ల పనికి. యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లనే ఈ ఆలోచన రాసిన్రు, 1975 నుంచి జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్ వస్తున్నయి, ఉన్న బడ్జెట్‌ల ఏ జర్నల్ తెప్పించాలె, ఏది ఆపాలె అని చూసుకోనీకి. మనిషికి ఉద్యోగం ఇయ్యాలె, ప్రమోషన్ ఇయ్యాలె అని తీసిన కొలత కాదది, ఈ సంగతి నేను ప్రతి సంవత్సరం కొత్త స్కాలర్లకి చెప్తనే ఉంట.

మ్యాథ్స్ డౌటు సంగతి. క్వార్టైల్ అంటే ఆ సబ్జెక్ట్ జర్నల్స్ అన్నిటిని వరుసల పెట్టి నాలుగు భాగాలు చేసుడు. మ్యాథ్స్ పేపర్ల రెఫరెన్సులు తక్కువ, సైటేషన్ రానీకి ఏండ్లు పడతది, రెండేండ్ల కిటికీల ఎక్కువ కనపడదు, అందుకే 1.2 ఉన్నా వరుసల పైన ఉంటది. బయాలజీ దిక్కు అట్ల కాదు. అందుకే ఒక సబ్జెక్ట్ నంబర్‌ని ఇంకో సబ్జెక్ట్ పక్కన పెట్టొద్దు. ఒకే జర్నల్ రెండు కేటగిరీలల్ల ఉంటే ఒకదాంట్ల క్యూ1, ఇంకోదాంట్ల క్యూ3 గూడ రావచ్చు, నీ జర్నల్ ఏ కేటగిరీల క్యూ2నో చూసుకో.

ఇంకా వేరే కొలతలున్నయి. స్కోపస్ (పేపర్లు, సైటేషన్ల డేటాబేస్) వాళ్ల సైట్‌స్కోర్ నాలుగేండ్ల లెక్క. ఎస్‌జేఆర్ ఏమో సైట్ చేసింది ఎవరు అన్నది చూస్తది, గూగుల్ పేజ్‌ర్యాంక్ తీరు, గట్టి జర్నల్ నుంచి వచ్చిన సైటేషన్‌కి బరువెక్కువ. స్నిప్ సబ్జెక్టుల నడుమ తేడాను సరిచేస్తది. ఎస్‌జేఆర్ స్కిమాగో సైట్‌ల ఫ్రీగ చూసుకోవచ్చు. మూడింటిల ఒక జర్నల్ ఒక్కతీరుగనే నిలబడితే కొంచెం నమ్మొచ్చు, ఒకదాంట్ల పైన ఇంకోదాంట్ల చానా కింద ఉంటే ఎందుకో అడగాలె. యూజీసీ కేర్ లిస్ట్ (యూజీసీ ఒప్పుకున్న జర్నల్స్ జాబితా) అని ఎవరన్న అడిగితే, దాన్ని యూజీసీనే 2025 ఫిబ్రవరిల ఆపేసింది, ఇప్పుడు ఏ జర్నల్ మంచిదో సంస్థలే చూసుకోవాలె. ఆ పైసలడిగే జర్నల్ ఇప్పటికి స్కోపస్‌ల ఉన్నదా తీసేసిన్రా అన్నది కట్టకముందే నా దగ్గరికొచ్చి చూసుకో, పోయినేడు ఒక పిల్లగాడు కట్టినంక వచ్చిండు, నేను చేసేదేం లేకుండె.

కరీంనగర్_ఫిజిక్స్:
కాలేజీవాళ్లు నంబర్లు ఎందుకు గుంజుతరో నేను చెప్త. ఎన్‌ఐఆర్ఎఫ్‌ల, అంటే కేంద్రం ఇచ్చే కాలేజీ ర్యాంకులల్ల, యూనివర్సిటీ, ఇంజనీరింగ్ కేటగిరీలల్ల రీసెర్చ్‌కి 30 శాతం బరువు, పేపర్ల సంఖ్య, సైటేషన్లు స్కోపస్, అసొంటిదే ఇంకో డేటాబేస్ వెబ్ ఆఫ్ సైన్స్ నుంచే తీసుకుంటరు. అక్కడ గూడ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కాదు, పేపర్‌కి వచ్చిన సైటేషన్లే చూస్తరు, ఇది మీ షీట్ తయారు చేసినాయనకి చెప్పాలె.

సంస్థల ర్యాంకుల అసలు కథ ఎట్ల పంచుతరన్నది. ఒక పేపర్ల పది సంస్థలుంటే పదింటికి ఒక్కొక్క ఫుల్ మార్కా, లేకపోతే పదో వంతా? నెదర్లాండ్స్‌ల లైడెన్ యూనివర్సిటీ ఇచ్చే లైడెన్ ర్యాంకింగ్ వాళ్లు రెండు తీర్ల చూపెడతరు, పైగ ఆ సబ్జెక్ట్‌ల టాప్ 10 శాతం సైటేషన్లున్న పేపర్లు మీ దగ్గర ఎన్ని వంతులు అని అడుగుతరు, సగటు కంటె ఇది న్యాయంగ ఉంటది, ఒక్క పేపర్ మొత్తాన్ని గుంజదు. 2013ల టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ ర్యాంకులల్ల ఐఐటీలన్నిటికంటె పైన చండీగఢ్ పంజాబ్ యూనివర్సిటీ వచ్చింది, 226-250 బ్యాండ్‌ల. వాళ్ల ఫిజిక్స్ వాళ్లు సెర్న్ (యూరప్‌ల ఉన్న పెద్ద ఫిజిక్స్ ల్యాబు) ప్రయోగాలల్ల ఉన్నరు, వేల మంది రాసిన హిగ్స్ కణం పేపర్ల సైటేషన్లు అందరికి ఫుల్‌గ పడ్డయి. వాళ్ల పని నిజంగ గొప్పదే, నేను గూడ ఫిజిక్సోన్నే, కానీ దాన్నిబట్టి ఆ యూనివర్సిటీల మిగతా డిపార్ట్‌మెంట్ల సంగతి ఏం తెలుస్తది? 2015ల టైమ్స్ వాళ్లే వెయ్యి మంది కంటె ఎక్కువ రచయితలున్న పేపర్లు లెక్కల నుంచి తీసేసిన్రు.

లైబ్రరీ_డెస్క్_కేయూసీ:
పేపర్ల రాసే సంస్థ పేరు గురించి గూడ చెప్పాలె, ఎవ్వరు పట్టించుకోరు. వరంగల్ ఎన్‌ఐటీ 1959 నుంచి ఆర్‌ఈసీ (రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ), 2002ల ఎన్‌ఐటీ అయింది, పాత పేపర్లన్ని పాత పేరు మీదనే ఉంటయి. రెండు పేర్లు ఒక్కటే అని డేటాబేస్‌ల కలిపితెనే లెక్క సరిగొస్తది. మన స్కాలర్లు ఒకరు వరంగల్ అని, ఒకరు హన్మకొండ అని, ఇంకొకరు డిపార్ట్‌మెంట్ పేరు మాత్రమే రాస్తరు. నేను ప్రింటౌట్లు ముంగట పెట్టుకొని ఎర్ర పెన్నుతోని ఒక్కొక్క అడ్రస్ కొట్టుకుంట కూసుంట, ఒకసారి ఒకే మాస్టారు పేపర్లు నాలుగు తీర్ల పేర్ల కింద దొరికినయి.

హన్మకొండ_స్కాలర్:
అన్న, మేడం, సార్, అందరికి చానా థ్యాంక్స్. లైబ్రరీ మేడం చెప్పినట్టు రాత్రి స్కిమాగోల చూసిన, నా 1.9 జర్నల్ ప్లాంట్ సైన్స్‌ల క్యూ2, అగ్రానమీల క్యూ1. రెండోది మూడేండ్ల నుంచి పేపర్ల సంఖ్య మస్తు పెంచుకుంట పోతున్నది, అది చూసి నాకు మనసొప్పలే. ప్లాంట్ పాథాలజీకే పంపుతున్న, అడ్రస్‌ల యూనివర్సిటీ పూర్తి పేరు రాసి. ఆ షీట్‌ల నేనే ఒక కాలమ్ కలిపిన, పరకాల దిక్కు తెగులు ఏ నెలల మొదలైతున్నదో, ఏ రకం పత్తి తట్టుకుంటున్నదో రెండు లైన్లు రాసి పంపిన. సోమవారం సబ్మిట్ చేస్త, రివ్యూ వచ్చినంక ఇక్కడనే చెప్త.