జామాయిల్ కోతలో మిషన్ వెనక్కి తన్నింది, తమ్ముడికి ముందు ఏం కొనాలి?

సత్తుపల్లి అన్న:
తమ్ముడు రెండు నెలలుగా జామాయిల్ తోటల్లో కోత మిషన్ (చైన్ సా) పడుతున్నాడు, టన్ను లెక్కన గుత్త పని. మొన్న పిలక పంట (కోసిన మోడు నుంచి మళ్లీ పెరిగిన కర్రలు) కోస్తుంటే మిషన్ ఒక్కసారిగా ఎగిరి మొహం మీదకి వచ్చిందట, టోపీ అంచు తెగి అంతటితో పోయింది. వాడు నవ్వుతూ చెప్తున్నాడు, అమ్మ మాత్రం రెండు రోజులుగా సరిగ్గా తినట్లేదు. మేస్త్రీని అడిగితే "పదిహేనేళ్లుగా లుంగీ చెప్పులతోనే కోస్తున్నాం, ఏమైంది?" అన్నాడు. ఆయన ఎడమ చేతికి ఒక వేలు లేదు, అది వేరే సంగతి. ఏడెనిమిది వేలు పెట్టగలను. హెల్మెట్టా, బూట్లా, ప్యాంటా? పని మానెయ్యమనకండి, ఆ గొడవ ఇంట్లో అయిపోయింది.

పాత ఆపరేటర్:
కొనేముందు మిషన్ చూడు తమ్ముడూ. బార్ అంటే చైన్ తిరిగే పొడుగు రేకు, దాని ముక్కు పైభాగం దేనికైనా తగిలిందంటే చైన్ అక్కడ కొరకలేక మొత్తం మిషన్‌ని మనిషి మీదకి విసురుతుంది. పిలక పంటలో ఇది ఎక్కువ, ఎందుకంటే ఒకే మోడు మీద రెండు మూడు కర్రలుంటాయి, మళ్లీ చిగురు బాగా రావాలని నేలకి దగ్గరగా కోయమంటారు, వంగి ఒక కర్ర కోస్తుంటే ముక్కు పక్క కర్రకో రాయికో తగులుతుంది, అది కంటికి కనపడదు. దీనికోసమే ముందు పిడి దగ్గర చైన్ బ్రేక్ గార్డు ఉంటుంది. మిషన్ కింద పెట్టి, రెండు చేతులతో పట్టుకుని, రేస్ ఇచ్చి మణికట్టుతో ఆ గార్డుని ముందుకు తొయ్యమను. చైన్ వెంటనే ఆగాలి. ఆగకపోతే ఆ రోజు కోత లేదు. ఎడమ బొటనవేలు పిడి కింద నుంచి చుట్టి పట్టుకోవాలి, చాలామంది పైనే పెట్టుకుంటారు.

ఎండలో మనిషి:
చైన్ సా ప్యాంటు మంచిదే కానీ మే నెలలో మన దగ్గర అది వేసుకుని కోసేవాణ్ని నాకు చూపించండి.

పాత ఆపరేటర్:
నిజమే, ఉడికిపోతారు. అయినా దాని లోపలి పీచు చైన్‌కి చుట్టుకుని మిషన్‌ని ఆపేస్తుంది, తొడ మిగులుతుంది. ముందువైపు మాత్రమే కప్పి వెనక బెల్టులతో కట్టుకునేవి దొరుకుతాయి, కాస్త గాలి ఆడుతుంది. తెల్లారగట్ల మొదలుపెట్టి పదికి ఆపెయ్యండి. నన్నడిగితే ముందు మొహానికి జాలీ, చెవి మఫ్ ఉన్న హెల్మెట్, తర్వాత ఇది, మిగిలితే బూట్లు.

తోట కాపలా:
ఎవరూ అనలేదు కాబట్టి నేను అంటాను, నేను చూసిన ప్రమాదాల్లో సగం మిషన్ వల్ల కాదు. తొక్క ఒలిచే ఆడవాళ్లు కోసేచోటికి పది అడుగుల్లో కూర్చుంటారు. చెట్టు ఎత్తుకి రెండింతల దూరంలో ఎవరూ ఉండకూడదు, నలభై అడుగుల చెట్టుకి ఎనభై అడుగులు. టన్ను లెక్క కాబట్టి అంత దూరం జరగరు, కోసినవి అక్కడికక్కడే ఒలిచేస్తే బండి త్వరగా నిండుతుంది. ఇంకోటి, కోసిన చెట్టు పక్క చెట్టు మీద వాలి ఆగిపోతే దాని కిందకి వెళ్లి అది ఆనుకున్న పక్క చెట్టుని కోయొద్దు, దూరం నుంచి మోకు వేసి ట్రాక్టర్‌తో లాగించాలి. బాగా వాలిన కర్రైతే సగం కోసేలోపే నిలువునా చీలి దాని మొదలు ఎగురుతుంది. ఆ దెబ్బకి హెల్మెట్ ఏం చేస్తుంది?

లేబర్ కోర్టు చుట్టూ తిరిగినవాణ్ని:
గుత్త పని కదా, పరిహారం రాదనుకోకండి. 1923 నాటి పరిహార చట్టంలోనే తాటిచెట్లు గీసేవాళ్లతో పాటు చెట్లు కొట్టేవాళ్లనీ రాశారు, తర్వాత ఆ చట్టాన్ని 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లో కలిపారు. మేస్త్రీ డబ్బులు ఫోన్‌లో వేస్తుంటే ఆ మెసేజ్‌లు చెరపొద్దు. మా బావమరిది కేసులో పని చేశాడని రుజువు చేయడానికే ఏడాది పట్టింది.

సత్తుపల్లి అన్న:
అందరికీ థ్యాంక్స్. రాత్రి మిషన్ విప్పి చూశాం. చైన్ బ్రేక్ గార్డే లేదు, ఎప్పుడో విరిగితే తీసి పారేశారట, మేస్త్రీకి ముందే తెలుసు. రేపు ఖమ్మం వెళ్లి ఆ పార్ట్, హెల్మెట్ తెస్తున్నా. ఆడవాళ్లని దూరం కూర్చోబెట్టమని తమ్ముడు అడిగితే, "మరి మోసేది ఎవడు, నువ్వా?" అన్నారట. దానికేం చెప్పాలో మీలో ఎవరికైనా తెలిస్తే రాయండి.