సమస్య: దీపమారినపుడె తెల్లవారె

నిర్వాహకుడు:
నిన్న రోజంతా చెడింది. బ్యాంకులో పని కాలేదు, దారిలో చెప్పు తెగింది, ఇల్లు చేరేసరికి కరెంటు పోయింది. చీకట్లో వరండాలో కూర్చుంటే పక్కింటి పెద్దమ్మ గిన్నెడు మిరియాల చారు తెచ్చి ఇచ్చింది. అది తాగుతుండగా ఈ పాదం నోటికి వచ్చింది. దీన్ని చివరి పాదంగా పెట్టి ఆటవెలది పద్యం పూరించండి. తెల్లవారుజామున దీపం ఆర్పడం గురించి రాయకండి, అందులో సమస్యే లేదు. రాత్రిపూటే తెల్లవారాలి.

అలిపిరి మెట్టు:
పనికిరాని దినము పగబట్టి నలుపగా
మేడ నెక్కినాను మెల్లగాను
కొండమీద నిండుకుండయ్యె చంద్రుడు
దీపమారినపుడె తెల్లవారె

స్వర్ణముఖి:
నిండుకుండ బాగుంది. కానీ తిరుపతిలో మేడ ఎక్కితే కొండ ఉత్తరాన ఉంటుంది, చంద్రుడు పొడిచేది తూర్పున, రేణిగుంట వైపు. ఆ కుండను కొండమీదికి ఎవరు ఎత్తారు?

అలిపిరి మెట్టు:
మార్గశిర పున్నమికి చంద్రుడు ఈశాన్యానికి జరిగి పొడుస్తాడు. మా మేడ నుంచి కరకంబాడి వైపు కొండ అంచు మీదే కనిపించాడు. చూసి రాశాను. వేసవి సమస్యకు కపిలతీర్థంలో జలపాతం దూకించినవారు నన్ను దిక్కులు అడగడం నచ్చలేదు.

స్వర్ణముఖి:
ఆ తప్పు అప్పుడే ఒప్పుకున్నాను. కార్తీక వానలకు దూకే నీళ్లను వైశాఖంలో పెట్టాను. మీ ‘మెల్లగాను’ మాటేమిటి? యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరడానికి తెచ్చిందేగా?

అలిపిరి మెట్టు:
కాదు. పొద్దుటి నుంచి నిలబడి పనిచేసిన కాళ్లు మేడమెట్లు మెల్లగానే ఎక్కుతాయి. ఆ మాట తీస్తే పద్యంలో నా అలసట పోతుంది.

తోతాపురి:
పంటధరలు పడగ పాడైన మనసున
అలిగి మాటలాడనట్టి బిడ్డ
నాన్న తినుమటంచు నవ్వి సంగటి పెట్టె
దీప మారినపుడె తెల్లవారె

నిర్వాహకుడు:
దీప, మారినపుడె! విరుపంటే ఇది. పాదం ఇచ్చిన నాకే తట్టలేదు.

తోతాపురి:
మా అమ్మాయి పేరు దీప కాదు, మిగిలినదంతా నిజం. 2025 తోతాపురి మామిడి కాపు గుర్తుందిగా. కిలోకు 12 రూపాయలు అందాలని, అందులో 8 గుజ్జు ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇవ్వాలని నిర్ణయించిన ఏడాది. ట్రాక్టరు మీద కాయ మెత్తబడుతుంటే వరుసలో కాపలా ఉన్నాను. ఇంటికి వెళితే, వారం రోజులుగా మాట్లాడని పిల్ల కంచం ముందు పెట్టింది.

అలిపిరి మెట్టు:
కంట తడి పెట్టించారు. అయినా రెండో పాదంలో ‘అ’కు ‘న’ యతి ఎలా కుదురుతుంది?

స్వర్ణముఖి:
ఆడని, అట్టి. సంధిలో కలిసిన అకారం అక్కడ ఉంది, అచ్చుకు అచ్చు జతగా స్వరయతి చెల్లుతుంది. పద్యంలో సంగటి వేడిగా ఉన్నప్పుడు ముందు తినాలి అలిపిరి గారూ, తర్వాత లెక్కపెట్టుకోవచ్చు.

పూలగంప:
నేను కొత్త. తప్పులుంటే చెప్పండి.
గాలివాన వచ్చె గంపపూలట్లుండె
బేరమాడువారు రారు నేడు
అమ్ముడుపోని మల్లె యమ్మ కొప్పున చేరె
దీపమారినపుడె తెల్లవారె

నిర్వాహకుడు:
మూడో పాదంలో రెండో గణం ‘డుపో’ అయి లగం (లఘువు, గురువు) పడింది, అక్కడ అది చెల్లదు. ‘అమ్ముడవని మల్లె’ అనండి, సరిపోతుంది. ఒక్క అక్షరం జారినందుకు ఈ పద్యాన్ని వదులుకోలేను. నల్లని కొప్పు మల్లెలతో తెల్లవారింది! మేమంతా పొద్దును వెతుకుతుంటే మీరు తెలుపును పట్టుకున్నారు.

అలిపిరి మెట్టు:
రెండో పాదంలో యతి...

తోతాపురి:
బేర, రారు. రెండో అక్షరాలు కలిశాయి, ప్రాసయతి. ఆటవెలదికి చెల్లుతుంది.

పూలగంప:
సవరించుకున్నాను. ముప్పై ఏళ్లుగా పూలమ్మే మా అమ్మ తనకంటూ ఒక్క మూర కూడా ఉంచుకోలేదు. ఆ రాత్రి నేనే పెట్టాను.

అలిపిరి మెట్టు:
అమ్మకు నా నమస్కారం చెప్పండి తల్లీ. స్వర్ణముఖి గారూ, మీ పూరణ ఏది?

స్వర్ణముఖి:
తిరుమలలో రాత్రి స్వామిని నిద్రపుచ్చే ఏకాంతసేవ మీద రాస్తున్నాను. స్వామికి జోల పాడి, కవయిత్రి తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి ఇచ్చే వేళ. రోజంతా అందరి కష్టాలు విన్న స్వామికీ ఆ కాస్త ఊరట కావాలి కదా. మొదటి, మూడో పాదాలు కుదిరాయి. రెండోది ‘మేలుకొన్న’ అని మొదలైంది, యతి దగ్గర ఆగిపోయాను.

అలిపిరి మెట్టు:
‘మెల్లగాను’ తీసుకోండి. జోల మెల్లగానే పాడతారు.